రూపాయి ప్రస్థానము — తొమ్మిదవ భాగము: యుద్ధపు నోట్లు, ఇంటి పద్దు

గడచిన భాగమున 1930 ప్రాంతపు ఆర్థిక మాంద్యమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ధాన్యపు ధర సగమునకు పడిపోయి, శిస్తు కట్టుటకు చేత కాసు లేక, పండిన పంటయే రైతునకు శాపమైన దినములవి. అట్టి దశాబ్దమును ఈదుకొని వచ్చినవారికి 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించిన వార్త చెవిని పడినపుడు, ఏ రాజ్యము గెలుచునన్న చింతకంటె ముందుగ, ధాన్యమునకు ఇకనైన నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునేమో యన్న ఆశయే మొలకెత్తినదనిన వారిని తప్పుపట్ట పనిలేదు. మొదటి మహాసంగ్రామమున ధరలు లేచిన సంగతి ఇంటింటి పెద్దలకును జ్ఞాపకమున్నది. ఆశించినట్లే ఆ యేటి చలికాలమున అంగళ్ళలో ధరలు చురుకుగ పైకెగసెను; మఱుసటి యేడు ఫ్రాన్సు కూలిన పిదప కొంత వెనుకకు దిగెను. ఆ దిగుటను చూచి, ఇది నాలుగునాళ్ళ ముచ్చటయే యని తలచినవారు పట్టణములలోను పల్లెలలోను పెక్కుమంది.

కాని 1941 మొదలుకొని ధరలు మరల ఎక్కసాగెను. ఈ మాఱు దిగలేదు. 1939 ఆగస్టు నాటి టోకు ధరలను 100గా పెట్టుకొని ప్రభుత్వ ఆర్థిక సలహాదారు కట్టిన సూచీ యుద్ధము ముగియునాటికి 240 దాటినది. సర్కారు నిర్ణయించిన ధరలు అమలులో నున్న సరకులకు ఆ ధరలనే లెక్కగట్టిన సూచీ యిది. దొడ్డిదారిని, రాత్రివేళ, తలుపు చాటున కొన్నవాని బాధ అందులో ఎక్కలేదు. అందుచేత 240 అను నంకెను చదువునపుడు, నిజమైన బరువు దానికి పైనున్నదని పాఠకులు గ్రహింతురు గాక.

ధరలు పెరిగినందుకు ఆనాడు కొందఱు గ్రహచారమును, కొందఱు వర్తకుని, మఱికొందఱు జపానువానిని నిందించిరి. నిందకు తగిన అసలు కారణము మాత్రము 1939 నవంబరులో ఢిల్లీ, లండను ప్రభుత్వముల నడుమ కుదిరిన యొక ఒడంబడిక కాగితములలో నుండెను. వానిని చదివినవారు అరుదు. ఆ ఒడంబడిక తాత్పర్యమిది: శాంతికాలమున దేశరక్షణకగు మామూలు వ్యయమును, ధరల పెరుగుదలకు తగినట్లు సవరించి, భారతదేశమే భరింపవలెను, కేవలము ఈ దేశపు ప్రయోజనము కొఱకే సాగు యుద్ధకార్యముల ఖర్చును తానే పెట్టుకొనవలెను, పొలిమేర దాటి పోరాడు సైన్యముల నిమిత్తము ఒక నిర్ణీతమైన మొత్తమును చెల్లింపవలెను, తక్కినదంతయు బ్రిటిషు ఖజానా ఇచ్చుకొనును. పైపైన చూచినవారికి ఇంతటి ఔదార్యము సామ్రాజ్యచరిత్రలోనే లేదనిపించును. చిక్కంతయు ఆ ‘ఇచ్చుకొనుట’ యొక్క తీరులో నున్నది.

బ్రిటిషు ప్రభుత్వము తన వంతును రూపాయలలో ఇయ్యలేదు. లండనులో, స్టెర్లింగులో, మన రిజర్వు బ్యాంకు పేర జమ వేసినది. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టము నోట్ల వెనుక నిలువదగిన ఆస్తులలో బంగారముతో పాటు స్టెర్లింగు పత్రములను కూడ చేర్చియుండెను గనుక, లండనులో ఒక పద్దు పడిన వెంటనే ఇచ్చట తత్సమానమైన నోట్లను విడుదల చేయుటకు చట్టరీత్యా ఏ యడ్డంకియు లేకపోయెను. కాన్పూరున గుడారపు గుడ్డ నేసిన మిల్లునకును, కలకత్తాలో గోనెసంచులు కుట్టించిన సాహుకారునకును, పంజాబున గోధుమలు తోలిన రైతునకును నాసికు అచ్చుకూటమునుండి వచ్చిన క్రొత్త నోట్లతో వెల ముట్టినది. గుడ్డయు, గోనెయు, గోధుమయు ఓడనెక్కి ఈజిప్టునకో ఇరాకునకో పోయెను. వాని వెల లండనులో అంకెయై నిలిచెను. యుద్ధము ముగియువఱకు ఆ అంకెతో మనము ఒక యంత్రమును గాని, ఒక పడవెడు బియ్యమును గాని తెప్పించుకొను వీలు లేదు. దేశమున మిగిలినవి రూపాయలు. ఆ రూపాయలతో కొనదగిన సరకు పెరుగలేదు సరికదా, పెరిగిన కొంచెమును కూడ సైన్యము ఎత్తుకొనిపోయెను.

అంకెలు చూడుడు. యుద్ధారంభమున దేశమున చెలామణిలో నున్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలవి. యుద్ధాంతమునకు అవి 1,100 కోట్లు దాటినవి. రిజర్వు బ్యాంకు చేతిలోని స్టెర్లింగు ఆస్తులు 64 కోట్ల ప్రాంతమునుండి, లండనులో మనకున్న పాత ప్రభుత్వ ఋణమును చాలవఱకు తీర్చివేసిన పిమ్మట కూడ, 1,700 కోట్ల దరిదాపులకు పెరిగెను. తరతరములుగ లండను బజారున అప్పులపాలైయున్న దేశము ఐదాఱేండ్లలో ఆ లండనునకే అప్పిచ్చినదైనది. దీనిని తలచుకొని గర్వించిన దేశభక్తులు లేకపోలేదు. ఋణదాత పస్తుండి, ఋణగ్రస్తుడు కడుపునిండ తినుట మాత్రము వడ్డీవ్యాపార చరిత్రలోనే వింత.

న్యాయముగ నొకమాట చెప్పవలెను. యుద్ధవ్యయమున కొంతభాగమును భారత ప్రభుత్వము పన్నులవలనను ఋణపత్రముల వలనను రాబట్టుటకు యత్నింపకపోలేదు. ఆర్థిక సభ్యుడు సర్ జెరెమీ రెయిస్‌మన్ 1940లో అధిక లాభములపై నూటికి 50 చొప్పునను, మఱుసటి యేడు మూడింట రెండు వంతులును పన్ను వేసెను. కాని దేశముయొక్క స్వంత రక్షణవ్యయమే యుద్ధమునకు పూర్వము 50 కోట్లకు లోపుగ నుండి 1944-45 నాటికి 400 కోట్లను సమీపించినపుడు, ఆదాయపుపన్ను కట్టువారు వేళ్ళమీద లెక్కింపదగినంతమంది యున్న దేశమున ఆ పన్నులు ఏ మూలకు? ఆనాడు ఇంగ్లాండు ఏమి చేసినదో పోల్చి చూడదగును. కీన్సు పండితుడు 1940లోనే యుద్ధఖర్చు నెట్లు తీర్చవలెనో చిన్న పుస్తకము వ్రాసి, ప్రజల ఆదాయమున కొంతభాగమును యుద్ధానంతరము తిరిగి యిచ్చు షరతుపై ముందుగనే నిలిపియుంచుట మేలనెను. ఆ దేశము పన్నులు పెంచి, రొట్టె ధరకు సర్కారు సొమ్ము జోడించి అణచి, వెన్న, మాంసము, పంచదార మొదలగువానిని చీటీలపై అందఱకును సమముగ పంచెను. ఇచ్చట పన్నుల పనిని ధరలే చేసిపెట్టినవి. బొంబాయి విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమును బోధించు సి. ఎన్. వకీలు 1943లో రూపాయి పతనమును గూర్చి ప్రకటించిన పుస్తకమున ఈ మర్మమునే విప్పి చెప్పెను. శాసనసభ ఆమోదము లేని యీ పన్నును వసూలు చేయుటకు అమీనాలు అక్కఱలేదు. అంగటి తక్కెడ చాలును.

ఇట్లు నోట్లు పెరుగుచుండగనే 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. బర్మానుండి మనకు యేటేట వచ్చుచుండిన బియ్యము సుమారు 15 లక్షల టన్నులు. దేశమున పండు వరితో పోల్చినచో అది పదింట ఒక వంతు కూడ కాదు. కాని బజారున ధరను నిర్ణయించునది పండినదంతయు కాదు, అమ్మకమునకు వచ్చినది. ఇంటికి చాలినంత గాదెలో పోసికొన్న రైతు బజారునకు రాడు. బజారుపైననే ఆధారపడిన పట్టణములు, మలబారు, తిరువాన్కూరు, సింహళము ఇక ఎవరి గాదెవైపు చూడవలెను? గోదావరి, కృష్ణా డెల్టాల వైపే. అందుచే బియ్యము పండు సీమలోనే బియ్యము ప్రియమైనది. బియ్యముతో పాటు బర్మా కిరసనాయిలు ఆగిపోయెను; జావా పోవుటతో క్వినైను అరుదాయెను. మన్యపు చలిజ్వరమెఱిగినవారికి క్వినైను లేకపోవుట యెట్టిదో చెప్పనక్కఱలేదు.

తెలుగునాట ఈ దెబ్బ మఱియొక దారిని కూడ తగిలినది. నాటి విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి తరతరములుగ రంగూనునకు వలసపోయి, రేవులలో బరువులు మోసియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు, నెలనెల ఇంటికి మనియార్డరు పంపుచుండిన వేలకొలది మంది, ఆ సంవత్సరమున ఓడలు దొరకినవారు ఓడలపైనను, దొరకనివారు అరకాను దారిని, మణిపురము కొండలదారిని కాలినడకను తిరిగి వచ్చిరి. దారిలో రాలిపోయినవారు ఎందఱో. ఇంటికి చేఱినవాడు వట్టిచేతులతో చేఱెను. డబ్బు పంపుచుండిన మనిషి తినవలసిన మనిషి యయ్యెను. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడుటతో తీరప్రాంతము హడలిపోయినది. చెన్నపట్టణమునుండి కచ్చేరీలను లోపలి యూళ్ళకు తరలించిరి. భయము కూడ ధరను పెంచునదే: ఉన్నవాడు ఆఱుమాసములకు సరిపడ కొని దాచును, లేనివాడు ఏ పూటకాపూట పెరిగిన ధరకు కొనును.

నోట్లు వరదగ వచ్చుచుండిన కాలముననే నాణెములు మాయమగుట యొక విచిత్రము. 1940 జూనులో ఫ్రాన్సు ఓడిన వార్త వినుటతోనే జనులు నోట్లు పట్టుకొని రూపాయల కొఱకు ఎగబడిరి. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని ప్రభుత్వము శాసించెను. ఒక రూపాయి కాగితమును మరల విడుదల చేసెను. పదునొకండు పాళ్ళు వెండియు ఒక పాలు కల్తీయు నున్న రూపాయిని ఆపి, సగము మాత్రమే వెండిగల రూపాయిని పోసెను. విక్టోరియా రాణి బొమ్మగల రూపాయలు 1941లో చెల్లకుండ పోయినవి. ఏ యింటనైనను కుంకుడురసముతో తోమి దేవుని పెట్టెలో దాచిన రాణీ రూపాయి కలదా, అది ఇక వెండిముద్దయే. వెండి వెల పెరిగియుండుటచే ఆ యిల్లాలు నష్టపడలేదనుకొనుడు. నష్టమంతయు నోటును నమ్మినవానిది.

చిల్లర కఱవు ఇంకను దుర్భరము. 1942-43లలో అణాలు, బేడలు, కానులు అంగళ్ళనుండి అదృశ్యములయ్యెను. కొన్నిచోట్ల చిల్లరకు బదులు తపాలా బిళ్ళలు చేతబెట్టిరి. కొన్నిచోట్ల వర్తకులు తమ పేర చీటీలు వ్రాసి యిచ్చిరి. ఆ తపాలా బిళ్ళ చెమటచేతిలో రెండు దినములు నలిగిన పిమ్మట ఉత్తరమునకు అంటదు, మఱియొక అంగడిలో చెల్లదు. అప్పుడు టంకశాల 1943లో నడుమ గుండ్రని రంధ్రముగల కానిని పోసినది. పాత రాగి కాని తూకము 75 గ్రెయినులు. ఈ చిల్లుకాని తూకము 30. పిల్లలు దానిని మొలత్రాటికి గ్రుచ్చుకొనిరి. వడ్రంగులు మేకుక్రింద బిళ్ళగ వాడుకొనిరని కూడ చెప్పుదురు. సగముకంటె తేలికైన యీ నాణెమునకు చట్టము ఇచ్చిన విలువ పూర్వపు కానియంతే. అంగటివాడు ఇచ్చిన విలువ మాత్రము దాని తూకమునకు తగినట్లే యుండినది. ఒక కానికి వచ్చుచుండిన కరివేపాకు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్ట అణాకు పోయెను. కొసరు అనునది మాటలో మిగిలెను.

ఇప్పుడొక ఇంటి పద్దును దగ్గఱనుండి చూతము. బెజవాడలోనో రాజమహేంద్రవరమునో నెలకు 40 రూపాయల జీతముగల గుమాస్తాను, అతని భార్యను, తల్లిని, ముగ్గురు బిడ్డలను ఊహించుకొనుడు. ఇతడు నా కల్పనయే. అయినను ఇట్టివాడు లేని వీధి ఆనాడు లేదు. యుద్ధమునకు ముందు ఇతని యింట బియ్యమునకు 12 రూపాయలు పోగా, అద్దె, కందిపప్పు, నూనె, చింతపండు, పాలు, కట్టెలు, గుడ్డలు, బడి జీతములు, చాకలి, మంగలి, ఊరినుండి వచ్చిపోవు చుట్టములు, అన్నిటికిని కలిసి 28 రూపాయలు మిగిలెడివి. యుద్ధము నాలుగవ యేట జీతమునకు కఱవుభత్యము కలిసి 54 రూపాయలైనదనుకొందము. అంతమాత్రము కూడ రానివారే పెక్కుమంది. బియ్యము రెండున్నర రెట్లు పెరిగినచో 12 రూపాయల బియ్యమునకు 30 కావలెను. చేత మిగులునవి 24. ఈ 24 రూపాయలు మునుపటి 28కి కొంచెమే తక్కువగ కనబడుచున్నవి గదా! కాని తక్కిన సరకులును రెండున్నర రెట్ల దరిదాపునకు పెరిగినవి గనుక, ఈ 24 రూపాయలతో వచ్చునది పూర్వము 10 రూపాయలకు వచ్చిన సరకు మాత్రమే. జీతము మూడవవంతు పెరిగిన మనిషి ఇంటిలో బియ్యము తప్ప తక్కిన జీవితమంతయు మూడవవంతునకు కుదించుకొనిపోయినది.

ద్రవ్యోల్బణము పేదవానిని పీడించు తీరు ఈ లెక్కలో నున్నది. సగటు సూచీ ఏమి చెప్పినను, అన్నమును తగ్గించుకొనుట కడపటి పని గనుక, బియ్యపు ధర పెరిగిన భారమంతయు బియ్యముకాని వస్తువులపై పడును. ఏది ముందు పోవును, ఏది వెనుక పోవును అన్న వరుస ఇంటింటికిని ఇంచుమించు ఒకటే. మొదట నేయి పోయెను. పిమ్మట పిల్లల పాలు పలుచనై, పెద్దలకు పెరుగు మజ్జిగయై, మజ్జిగ నీళ్ళయ్యెను. తలంటు పదునైదు దినములకొకసారి యయ్యెను. కిరసనాయిలు కంట్రోలు దుకాణమున సీసాతో వరుసలో నిలుచున్నవారికి దొరకినంతే గనుక, లాంతరు చదువుకొను పిల్లవాని ముందునకు మాత్రము వచ్చి, వంటయింట ఆముదపు దీపము మరల వెలిగెను. కఱ్ఱబొగ్గు పొడియు ఉప్పును పండ్లపొడియాయెను. చాకలికి వేయు బట్టలు తగ్గి, ఇంటిలోనే చౌడుతో ఉతుకుట వచ్చెను. ఆడపిల్ల బడి మానుటయు, అదే యింటి మగపిల్లవాని బడి జీతము ఎట్లో అట్లు కట్టబడుటయు ఈ వరుసలోనిదే. దీనిని గూర్చి ఆ కాలపు కమిటీలు ఏమియు వ్రాయలేదు.

ఢిల్లీలో రెయిస్‌మన్ దొర యేటేట ఫిబ్రవరి కడపట లోటు బడ్జెటును సభకు చదివి వినిపింపగలడు. వంటింటి బడ్జెటునందు లోటు చూపుటకు వీలు లేదు. ఇల్లాలు కడపటి పంక్తిలో తాను కూర్చుండునప్పటికి మిగిలినదే ఆ లెక్కకు సరిపోయెడిది.

గుడ్డల సంగతి వేఱుగ చెప్పదగినది. మిల్లుగుడ్డలో పెద్దభాగమును సైన్యము కొనెను; మఱికొంత పశ్చిమాసియా, ఆఫ్రికా దేశములకు ఎగుమతి యయ్యెను. 1943 నడుమ నాటికి గుడ్డ ధర యుద్ధపూర్వపు ధరకు నాలుగైదు రెట్లైనది. ఆ యేటి జూనులో ప్రభుత్వము గుడ్డపైనను నూలుపైనను నియంత్రణ విధించి, తానుపైననే ధర ముద్ర వేయించుట మొదలుపెట్టిన పిదప కొంత దిగినది. పేదల కొఱకని ముతక ‘స్టాండర్డు గుడ్డ’ నేయించిరి. చేనేతవాని పాటు అధ్వాన్నము. గుడ్డకు గిరాకి యున్నది, మగ్గమున్నది, నూలు లేదు. మిల్లు నూలు దొడ్డిదారిని కొని నేసినచో కూలి గిట్టదు. ఒక్క చీరను ఇంటిలోని ఇద్దఱు స్త్రీలు వంతులవారీగ కట్టుకొని బయటికి వచ్చిన యిండ్లను గూర్చి ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆ పత్రికలకును కాగితపు నియంత్రణ వచ్చి పుటలు చిక్కిపోయియుండెను.

దాచుకొన్న డబ్బు మాట. 1925 ప్రాంతమున బీమా చేసి, ఇరువది సంవత్సరములు క్రమము తప్పక కట్టి, 1945లో 1,000 రూపాయలు పుచ్చుకొన్న పంతులుగారి చేతికి యుద్ధపూర్వపు లెక్కలో వచ్చినది 400 రూపాయల పైచిలుకు మాత్రమే. తపాలాఫీసు పుస్తకములో వేసికొన్నవానికిని అంతే. బంగారము కొన్న అవ్వ బ్రతికిపోయెను: తులము ధర 1939లో 40 రూపాయల లోపున నుండి 1943 నాటికి రెట్టింపు దాటి లేచినది. మితవ్యయమును గూర్చి ఉపన్యసించిన విద్యావంతులు ఆ అవ్వల నగల పిచ్చిని వెక్కిరించుచుండెడివారు. ఆ నానుతాడును అమ్మియో తాకట్టు పెట్టియో ఎన్ని సంసారములు ఆ యేండ్లను దాటినవో ఏ నివేదికయు లెక్కగట్టలేదు.

అయితే ఈ కాలమున అందఱును చెడిపోలేదు. చెడిపోయినవారి పక్కనే బాగుపడినవారుండిరి. చాలచోట్ల ఒక్క వీధిలోనే. అమ్ముటకు ధాన్యము మిగిలిన రైతునకు మాంద్యపు దినముల పగ తీఱినది. పాత ఋణము రూపాయలలోనే యున్నది, ధాన్యము రెండింతలు మూడింతలు పలుకుచున్నది. పూర్వము వంద బస్తాలు అమ్మినను తీఱని బాకీ నలుబది బస్తాలతో తీఱిపోయెను. చెన్నరాష్ట్ర ప్రభుత్వము గ్రామీణ ఋణభారమును విచారింప నియమించిన అర్థశాస్త్రజ్ఞుడు బి. వి. నారాయణస్వామినాయుడు 1946లో సమర్పించిన నివేదిక ఈ విషయమున అమూల్యము. 1939కిని 1945కిని నడుమ రాష్ట్రపు గ్రామీణ ఋణము మొత్తముమీద ఐదవవంతు తగ్గినది. దీనిని చదివి సంతసించి పుస్తకము మూసివేసినవారున్నారు. లోపలికి పోయి చూచినచో, పెద్ద భూస్వాముల ఋణము నూటికి 40 పాళ్ళకు పైగ తగ్గినది; మధ్యతరగతివారిది అంతకు తక్కువగ, చిన్న రైతులది ఇంకను తక్కువగ తగ్గినది; కౌలుదారులది తగ్గీతగ్గనట్లున్నది; భూమిలేని కూలీలది మాత్రము నూటికి 45 పాళ్ళ ప్రాంతము పెరిగినది. ధరలు పెరుగుట యనగా ఎవరి జేబునుండి ఎవరి గాదెకు ఎంత పోవుటయో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన పట్టిక నేను చూడలేదు.

కూలీలలోను భేదమున్నది. కోతలకును నూర్పులకును ధాన్యముగ కూలి పుచ్చుకొన్నవాడు ఆ నెలలలో ధరల దెబ్బనుండి తప్పించుకొనెను. డబ్బుకూలి వాడు తప్పించుకొనలేదు. కుమ్మరి, మేదరి, జాలరి మొదలగువారు తమ సరకు నమ్మి బియ్యము కొనువారు. జనుల చేత డబ్బు బియ్యమునకే చాలనపుడు కుండను, బుట్టను, చేపను వాయిదా వేయుదురు. అందుచే తాము కొనవలసినది ప్రియమగునప్పుడే తాము అమ్మవలసినది చవుకయగుట వీరి దురదృష్టము.

ఈ దురదృష్టము వంగదేశమున మహామారియైనది. 1942 డిసెంబరులో కలకత్తాలో మణుగునకు 13, 14 రూపాయలుండిన బియ్యము 1943 మే నెల కడపటికి 30 దాటెను. శత్రువునకు చిక్కరాదని సముద్రతీరపు పడవలను సర్కారు తీసికొనిపోగా జాలరులకు వేటయు పోయినది. కలకత్తాలో యుద్ధ పరిశ్రమలలో పనిచేయువారికి యజమానులు చవుక ధరకు బియ్యము సమకూర్చిరి. ఆ బియ్యమును ఏ ధరకైనను కొన్నవారుండుటచే పల్లెకూలివాని పూటకూడు వానికి అందనంత ఎత్తున కూర్చున్నది. ఆ యేటి క్షామమున 15 లక్షలమంది చనిపోయిరని విచారణసంఘము వ్రాసెను. తరువాతివారు 30 లక్షల వఱకు లెక్కించిరి. అమర్త్య సేనుడు 1981లో ప్రకటించిన గ్రంథమున చూపినట్లు, ఆ యేడు వంగదేశపు పంట మున్నెన్నడును లేనంత హీనమైనదేమియు కాదు. చచ్చినవారు బియ్యమును కొను శక్తి కోల్పోయినవారు. వ్యవసాయకూలీలు, జాలరులు, మంగళ్ళు, పడవవారు ముందు కూలిరి. వాటాగ పంట పంచుకొను రైతులలో చావులు తక్కువ. నోట్ల పెరుగుదలను ఆర్థికశాస్త్రమునకు సంబంధించిన నీరసవిషయముగ భావించు పాఠకులు ఈ వరుసను ఒకసారి తలపోయవలెను.

వంగదేశపు చావులు చూచిన పిదప గాని ఢిల్లీ పూర్తిగ కనులు తెఱవలేదు. 1943లో గ్రెగరీ అధ్యక్షతన కూర్చున్న ఆహారధాన్యసంఘము నగరములలో మనిషికి దినమునకు ఒక పౌను ధాన్యము పంచుట లక్ష్యముగ పెట్టుకొనుమనెను. బొంబాయి, చెన్నపట్టణము, కలకత్తా వరుసగ రేషను క్రిందికి వచ్చినవి. పిమ్మట చిన్న పట్టణములును చేఱినవి. రేషను కార్డు ఇంటిలో పట్టా కాగితమంతటి విలువగలదయ్యెను. కంట్రోలు బియ్యమున రాళ్ళు, బెడ్డలు, ముక్కవాసన ఉండుట నిజమే. అన్నము తినువారికి గోధుమలు అంటగట్టుటయు, వానిని విసరు తిరుగలి లేక, రొట్టె కాల్చుట రాక ఇల్లాండ్రు విసుగుకొనుటయు నిజమే. అయినను ఆ వరుసలో నిలుచున్నవానికి ఒక ధర యుండెను, ఒక హక్కు ఉండెను. కంట్రోలులను తిట్టుట ఆనాడు వేడుకయైనది. తిట్టినవారిలో పెక్కుమంది దొడ్డిదారిని కొనగలిగినవారని నా అభిప్రాయము.

తక్కిన ఉపాయములను త్వరగ చెప్పి ముగింతును. పొదుపుపత్రములు అమ్మిరి, దాచుటయు అధికలాభము తీయుటయు నేరములని 1943లో శాసించిరి, అమెరికానుండి 22.6 కోట్ల ఔన్సుల వెండిని అరువు తెచ్చిరి. ఆ యేటి ఆగస్టు మొదలు బ్రిటిషు, అమెరికను ప్రభుత్వముల పక్షమున రిజర్వు బ్యాంకు బొంబాయి బజారున బంగారము అమ్మెను. నోట్లు కొన్ని వెనుకకు వచ్చినవి, ధరల పరుగు కొంత మందగించినది. కాని తమ దేశములలో అధికారపు ధరకు లెక్కగట్టు బంగారమును ఇచ్చట అంతకెంతయో మించిన ధరకు అమ్మి, ఆ రూపాయలతో తమ యుద్ధఖర్చును పెట్టుకొనిన ఆ ప్రభుత్వములకు వచ్చిన లాభమును చూచి మన అర్థశాస్త్రజ్ఞులు మండిపడుటలో అన్యాయము లేదు.

నిజాము రాజ్యమున హాలీ సిక్కా వేఱైనను కథ వేఱుకాదు. అచ్చట రైతులనుండి పంటలో వంతును లెవీగ వసూలు చేసిరి. ఆ వసూలు దొరగడీల చేతిలో పడుటచే పెద్ద కమతములు తప్పించుకొనగా చిన్న రైతు గరిసె ఊడ్చిపోయెను. తెలంగాణ పల్లెలలో 1946లో రగిలిన పోరాటమునకుగల కారణములలో ఈ లెవీ యొకటి.

యుద్ధము ముగిసినను ధరలు దిగిరాలేదు. 1946లో పంటలు చెడి, పౌను ధాన్యముగ నున్న రేషను 12 ఔన్సులకు తగ్గెను. ఆ యేడే జనవరి 12వ తేదీన ప్రభుత్వము ఒక్క ఆర్డినెన్సుతో 500, 1,000, 10,000 రూపాయల నోట్లను రద్దుచేసినది. దొంగలాభములు దాచినవారి నడుము విఱుగునని సామాన్యులు సంబరపడిరి. చెలామణిలో నున్న అట్టి నోట్లు 144 కోట్ల రూపాయలకు కొంచెము తక్కువ. అందులో సుమారు 135 కోట్ల నోట్లు తిన్నగ బ్యాంకులకు వచ్చి మార్పిడియైపోయినవి. మన గుమాస్తా ఆ నోటును ఎన్నడును కంటితో చూచియుండలేదు గనుక అతనికి ఆ దినమున వచ్చినదియు లేదు, పోయినదియు లేదు. అతని యింటినుండి తీసికొన్నది లండను పద్దులో, 1,700 కోట్ల స్టెర్లింగు నిల్వలో నొక అణువుగ నిలిచియుండెను. ఆ బాకీని తగ్గించివేయవలెనని బ్రిటనులో లేచిన వాదములను, స్వతంత్ర భారతము దానిని రాబట్టుకొన్న విధమును, రాబట్టిన దానితో ఏమి కొన్నదో ఆ వైనమును వచ్చే భాగమున వివరింతును.